"సెట్ అవుతుంది సార్": చెన్నైలో యుద్ధకాలపు జీపును మళ్లీ నిలబెట్టే పద్ధతి

చెన్నైలో పాత బళ్ల విడిభాగాల బజారు పుదుపేటలో పాత జీపు సామాను గురించి ఏ అంగడిలో అడిగినా వచ్చే జవాబు ఒకటే: "సెట్ అవుతుంది సార్." చాలాసార్లు నిజంగానే సెట్ అవుతుంది. బోల్టు రంధ్రాలు కలుస్తాయి, పళ్లు పళ్లలో పడతాయి, బండి షెడ్డు దాటి రోడ్డెక్కుతుంది. మొదటిసారి బురదలో నాలుగు చక్రాల లివర్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) లోపల ఏదో విరిగిన చప్పుడు వస్తుంది. పూర్తిగా సరిపోని సామాను అంగడిలోనే బయటపడుతుంది. దాదాపు సరిపోయే సామానుతోనే తంటా, అది ఇంటికొచ్చాక ఖర్చు పెట్టిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి 1945 దాకా విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ అనే రెండు పేర్లతో ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలినవి మిగులు సరుకుగా అమ్ముడయ్యాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు ఇక్కడే విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు, తర్వాత సీజే (పౌరుల కోసం చేసిన జీపు) రకంలో సీజే-3బీ దశాబ్దాల పాటు వచ్చింది. డెబ్బై ఐదేళ్లుగా ఈ కుటుంబంలో ఒకదాని సామాను ఇంకొకదానికి ఎక్కుతూనే ఉంది. అందుకే "ఒరిజినల్ మిలిటరీ జీపు" అని అమ్మకానికి వచ్చే బండి సాధారణంగా మూడు నాలుగు బళ్ల కూడిక. అది తప్పేమీ కాదు. ఏ ముక్క ఏ బండిదో తెలియకుండా పానా పట్టడమే తప్పు.

ముందు ఆనవాళ్లు చూడండి

బండి కింద పడుకుని రేడియేటర్ కింద ఉన్న ముందు అడ్డకడ్డీ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్ ఎంబీ ఛాసిస్. తిరగేసిన తొట్టిలా చదరంగా ఉంటే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. దీన్ని మార్చడం చాలా కష్టం కాబట్టి అన్నిటికంటే నమ్మదగ్గ ఆనవాలు ఇదే.

ఎంబీ ఛాసిస్ నంబరు ఎడమ కడ్డీ లోపలి వైపు, ముందు బంపర్ వెనక రివెట్లతో బిగించిన చిన్న పలక మీద ఉంటుంది. ఆ వరస 100001తో మొదలైంది. ఫోర్డ్‌లో పలక ఉండదు, ఎడమ కడ్డీ పైభాగాన ముందు వైపు నేరుగా ఇనుములోనే అంకెలు కొట్టారు. పెయింటు, మట్టి పొరల కింద అవి కనబడవు. థిన్నర్, ఇత్తడి బ్రష్షుతో మాత్రమే శుభ్రం చేయండి. గ్రైండర్ పెడితే అంకెలు చెరుగుతాయి, చెరిగిన నంబరును ఆర్టీఓ ఆఫీసులో ఎవరూ మంచి కంటితో చూడరు. ఇంజన్ నంబరు బ్లాకు కుడి వైపు, ముందు పై మూలన ఉంటుంది.

బాడీ విషయంలో ఈ నాలుగు చాలు. యుద్ధకాలపు గ్రిల్‌కు తొమ్మిది గాళ్లు (నిలువు సందులు), హెడ్‌లైట్లు లోపలికి ఉంటాయి, వాటిని వెనక్కి తిప్పి ఇంజన్ మీదికి వెలుతురు పెట్టుకోవచ్చు. మొదటి పాతికవేల పైచిలుకు విల్లీస్‌లకు మాత్రం రేకు గ్రిల్ కాకుండా అతికిన ఇనుప పట్టీల గ్రిల్ ఉండేది. పౌర సీజే మోడళ్లకు గాళ్లు ఏడు, లైట్లు పెద్దవి. ఎంబీకి వెనక తలుపు ఉండదు, స్టెప్నీ వెనక రేకు మీద ఉంటుంది. పెట్రోలు పోసే మూత డ్రైవరు సీటు కింద ఉంటుంది. మూత బాడీ బయట కనబడితే అది సీజే బాడీ. ఫోర్డ్ సామాను మీద, చివరికి చాలా బోల్టుల తలల మీద కూడా, చిన్న "ఎఫ్" అక్షరం ఉంటుంది. అసలు ఫోర్డ్ బోల్టును స్క్రాప్‌లో వేయకండి, అది మళ్లీ దొరకదు.

బానెట్ ఎత్తుగా కనబడితే అది సీజే-3బీ. దాని ఎఫ్-హెడ్ ఇంజన్ (కొన్ని వాల్వులు పైన హెడ్‌లో ఉండేది) ఎత్తు ఎక్కువ కాబట్టి బానెట్ లేపాల్సి వచ్చింది. బానెట్ కోసి కిందికి దించి, తొమ్మిది గాళ్ల గ్రిల్ అతికి, తెల్ల నక్షత్రం వేసి "యుద్ధం బండి" అని అమ్మేవి చాలానే ఉన్నాయి. నిజానికి సీజే-3బీకి మన సైన్యంలో దాని సొంత చరిత్ర ఉంది. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ తుపాకితోనే పాటన్ ట్యాంకులతో పోరాడాడు. మీ దగ్గర ఉన్నది 3బీ అయితే దాన్ని 3బీగానే బాగు చేసుకోండి. సామాను కూడా పదింతలు తేలిగ్గా దొరుకుతుంది.

డబ్బు తీసే ముందు కాగితాలు

ఆర్‌సీ లేని బండి ఎంత చవకైనా వద్దు. సైన్యం వేలంలో కొన్న బండికి ఆ అధికారులిచ్చిన ఫారం 21 అమ్మకపు ధ్రువపత్రం అసలు కాగితంగా చేతిలో ఉండాలి, జిరాక్సు పనికిరాదు.

2021లో కేంద్రం పాత బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో పెద్ద మార్పుల్లేకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బళ్లకు ఇది వర్తిస్తుంది. ఫారం 20తో దరఖాస్తు పెట్టాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, తర్వాత పునరుద్ధరణకు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" వస్తుంది. అయితే ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే. వారం వారం ఈసీఆర్ (సముద్రతీర రోడ్డు) మీద తిరగాలనుకునేవాళ్లు మామూలు ఆర్‌సీనే పునరుద్ధరించుకోవడం మేలు. మటడోర్ డీజిల్ ఇంజనో పెజో డీజిల్ ఇంజనో ఎక్కించిన బండికి వింటేజ్ తలుపు అసలు తెరుచుకోదు. పాత ఇంజన్ వెతికి పెట్టాకే ఆ మాట.

రంగు గురించి ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది పెయింటు వేశాక తెలుసుకుంటారు. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖవి కాని బళ్లకు ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. మెరుపు లేని మ్యాట్ అయినా మెరిసే గ్లాసీ అయినా అంతే. బండి అసలు రంగు అదే అన్న వాదన రోడ్డు మీద ఆపిన ఇన్‌స్పెక్టర్ ముందు నిలవదు. చరిత్రకు, చట్టానికి రెండిటికీ సరిపోయే దారి ఒకటుంది: అమెరికా నౌకాదళం జీపులు బూడిద రంగులో ఉండేవి, ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్లవి ఇసుక రంగులో తిరిగాయి. ఆ రెండిట్లో ఏదైనా వేసి ఆర్‌సీలో రాయించుకోండి. పైకి చూపే బాణం గుర్తుతో సైనిక నంబరు ప్లేటు మాత్రం అలంకారానికి కూడా వద్దు.

ఇంకొకటి. ఎంబీ, జీపీడబ్ల్యూ రెండూ ఎడమ స్టీరింగ్ బళ్లు. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం ఎడమ స్టీరింగ్ బండికి పనిచేసే సిగ్నల్ పరికరం ఉండి తీరాలి. అసలు బండికి ఇండికేటర్లు లేవు, కాబట్టి అవి మీరు పెట్టాల్సిందే. ఎప్పుడో కుడి స్టీరింగ్‌కు మార్చిన బండిని వెనక్కి తేవాలంటే స్టీరింగ్ బాక్సు ఒక్కటే చాలదు. పెడల్ షాఫ్టు, మాస్టర్ సిలిండర్ బ్రాకెట్, డ్యాష్‌బోర్డు రంధ్రాలు అన్నీ దాంతో పాటు మారాలి. కొనేటప్పుడే లెక్కలో వేసుకోండి.

విప్పేటప్పుడు

ఈ బండి మరలు అమెరికన్ అంగుళాలవి. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 అంగుళాల పానాలు, సాకెట్లు ఒక సెట్టు కొనుక్కోండి. షెడ్డులో కుర్రాడు 1/2 బోల్టుకు 13 మిల్లీమీటర్ల పానా పెడతాడు, అది దాదాపు సరిపోతుంది. 9/16కు 14 పెడితే పట్టదు, 15 పెడితే మూలలు గుండ్రమవుతాయి. పాత బ్రిటిష్ విట్‌వర్త్ పానాలు దీనికి అసలు కుదరవు. పోయిన బోల్టు స్థానంలో మిల్లీమీటరు బోల్టును బలవంతంగా తిప్పితే రంధ్రంలో మర పోతుంది. బ్రాడ్‌వే హార్డ్‌వేర్ అంగళ్లలో యూఎన్ఎఫ్ (సన్న మర), యూఎన్‌సీ (ముతక మర) అని అడిగితే రెండూ ఇస్తారు. పాత బోల్టు వెంట తీసుకెళ్లండి.

ఎడమ వైపు రెండు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, అంటే విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇది తెలియని మెకానిక్ పానాకు నాలుగడుగుల పైపు తొడిగి స్టడ్డు విరిచేస్తాడు. మీ బండికి ఇదివరకే ఎవరైనా కుడి మర స్టడ్లు వేసి ఉండొచ్చు, నట్టు విప్పే ముందు బయటికి కనబడే మర వాలు చూసుకోండి.

రెండు సగాలుగా బోల్టులతో కలిపిన కంబాట్ రిమ్ ఉంటే జాగ్రత్త. రిమ్ చుట్టూ ఉన్న ఎనిమిది నట్లను గాలి ఉండగా ముట్టుకోకూడదు. వాల్వ్ పిన్ను తీసి, గాలి మొత్తం పోయిందని పుల్ల పెట్టి చూసుకుని అప్పుడే విప్పాలి. గాలితో ఉన్న రిమ్ సగం ఎగిరితే మనిషి మిగలడు.

ప్రతి ముక్కకూ విప్పే ముందు ఫోటో. బోల్టులు ఎక్కడివక్కడ సంచుల్లో, మీద మార్కరుతో పేరు. ఇది అందరికీ తెలిసిందే, అందరూ మూడో రోజు మానేసేదే.

ఛాసిస్, రేకు పని

బాడీ దించాక ఛాసిస్ మూలల నుంచి మూలలకు టేపు పట్టండి. రెండు కర్ణాల తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే బండి ఎక్కడో గుద్దుకుంది. ముందు కమాను కట్టల హ్యాంగర్ల దగ్గర, వెనక అడ్డకడ్డీ దగ్గర పగుళ్లు వెతకండి. కిరోసిన్ పూసి తుడిచి సుద్దపొడి చల్లితే పగులు గీతలా తేలుతుంది. పగులు చివర మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, వీ ఆకారంలో గాడి తీసి, వెల్డింగ్ పెట్టండి. పైన అతుకు పట్టీ వేయాల్సి వస్తే నిలువు అంచులున్న చదరపు ముక్క వద్దు, ఏటవాలుగా కోసిన ముక్క వేయండి. నిలువు వెల్డింగ్ గీత పక్కనే మళ్లీ పగులుతుంది.

బాడీలో తుప్పు మొదలయ్యే చోటు పైకి కనబడదు. నేల రేకు కింద టోపీ ఆకారంలో ఇనుప బద్దీలున్నాయి, వాటి లోపల చెక్క దూర్చి ఉంటుంది. ఆ చెక్క నీళ్లు తాగి కుళ్లి, లోపలి నుంచి ఇనుమును తింటుంది. నేల గట్టిగా అనిపించినా స్క్రూడ్రైవర్‌తో ఆ బద్దీలను పొడిచి చూడండి. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట, వెనక టూల్ పెట్టెల అడుగు తర్వాతి స్థానాలు. రేకు 18 గేజ్ సీఆర్ షీటుతో కోసి అతికితే చాలు. మొత్తం పోయిన బాడీకి ఫిలిప్పీన్స్‌లో ఎండీ జువాన్ వాళ్లు కొత్తవి చేస్తున్నారు, బాగానే ఉంటాయి, కానీ ఓడ కిరాయి, సుంకం కలిపితే ఇక్కడి మంచి టింకర్‌కు (రేకు పనివాడికి) మూడు నెలల పని ఇచ్చిన దానికంటే ఎక్కువే అవుతుంది. పుట్టీతో రేకు తయారుచేసే టింకర్‌ను మొదటి రోజే పంపేయండి.

ఇసుకతో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు, పెయింటు తీయడం) చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. ఇసుక బదులు గార్నెట్ రాతి పొడి వాడే చోటికి ఇవ్వండి. పలచని రేకు మీద నాజిల్ దగ్గరగా పెడితే తాకిడికి అలలు తేలుతాయి, బానెట్‌కు రసాయనంతో పెయింటు తీయడమే మంచిది. చెన్నై ఉప్పుగాలిలో బ్లాస్టింగ్ అయిన ఇనుము సాయంత్రానికల్లా ఎర్రబడుతుంది, కాబట్టి పొద్దున బ్లాస్టింగ్, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ ఒక పూత కొట్టి నెల రోజులు షెడ్డులో వదిలేస్తే దాని కిందే తుప్పు నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ఆ మూడు నెలలు పెయింటు పని పెట్టుకోకండి. ఇంజన్ పనికి ఆ కాలం సరిగ్గా సరిపోతుంది.

ఇంజన్

గో-డెవిల్ అని పిలిచే ఈ ఇంజన్ 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు, వాల్వులు బ్లాకులోనే ఉంటాయి. బోరు 3-1/8 అంగుళాలు, స్ట్రోకు 4-3/8. ఫైరింగ్ వరస 1-3-4-2. ఇంత సాదా ఇంజన్ మళ్లీ దొరకదు, గిండి, అంబత్తూరు పారిశ్రామికవాడల్లోని ఏ మంచి మెషిన్ షాపైనా దీన్ని చేయగలదు. చేయించే ముందు బ్లాకు పగుళ్ల పరీక్షకు ఇవ్వండి. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకూ సిలిండర్ గోడకూ మధ్య పగులు ఈ బ్లాకుల పాత జబ్బు. బోరు కొట్టించాక పగులు బయటపడితే రెండు ఖర్చులు.

ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది. యుద్ధకాలపు ఇంజన్లకు టైమింగ్ చైన్ ఉంటుంది, తర్వాతి సీజే ఇంజన్లకు గేర్లు. చైన్‌తో నడిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్ తిరిగే వైపే తిరుగుతుంది, గేరుతో నడిచేది ఎదురు తిరుగుతుంది. ఆయిల్ పంపును నడిపేది ఆ క్యామ్‌షాఫ్టే, డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది ఆ పంపే. అందువల్ల చైన్ ఇంజన్ పంపు, గేర్ ఇంజన్ పంపు వేర్వేరు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, బ్లాకులో చక్కగా కూర్చుంటాయి, "సెట్ అవుతాయి". తప్పుది పడితే ఆయిల్ ఒత్తిడి రాదు. కొత్త బేరింగులు మొదటి రెండు నిమిషాల్లో పోతాయి. పంపు కొనే ముందు మీ ఇంజన్ ముందు మూత తీసి చైనా గేరా చూసుకోండి. స్పార్క్ ప్లగ్గులు బిగించకుండానే సెల్ఫ్ తిప్పి గేజీలో ఒత్తిడి లేచిందని చూశాకే స్టార్ట్ చేయండి.

పిస్టన్లు అంగుళంలో 20, 30, 40 వెయ్యో వంతుల ఓవర్‌సైజుల్లో దొరుకుతాయి. పిస్టన్లు చేతికొచ్చాక వాటిని కొలిచి బోరు కొట్టించండి, ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ల కోసం వెతకొద్దు. కనెక్టింగ్ రాడ్‌లో నూనె చిమ్మే చిన్న రంధ్రం క్యామ్‌షాఫ్ట్‌కు ఎదురు వైపు చూడాలి. రాడ్లు మధ్యలో ఉండవు, ఒక పక్కకు జరిగి ఉంటాయి, అందుకే ఏ నంబరు రాడ్ ఆ సిలిండర్‌లోనే. బిగింపులు ఇలా: మెయిన్ బేరింగులు 65–70 ఫుట్-పౌండ్లు, రాడ్లు 50–55, హెడ్ నట్లు 60–65, హెడ్ బోల్టులు 65–75. క్రాంక్ వెనక సీలు అల్లిన తాడు రకం. రాత్రంతా నూనెలో నానబెట్టి, గాడిలో గుండ్రటి కర్రతో దిగ్గొట్టి, చివరలు బ్లేడుతో సమంగా కోయాలి. పొడుగ్గా వదిలితే బేరింగ్ మూత కూర్చోదు, పొట్టిగా కోస్తే జీవితాంతం కారుతుంది.

బ్లాకు పక్కనున్న వెల్ష్ ప్లగ్గులు (నీటి గది రంధ్రాలు మూసే రేకు మూతలు) తీసి లోపలి బురద ఇనుప తీగతో గోకండి. వెనక సిలిండర్ చుట్టూ గట్టిపడిన బురద ఉంటే మే నెలలో చెన్నై ట్రాఫిక్‌లో ఏ రేడియేటరూ కాపాడలేదు. రేడియేటర్ మూత అసలైంది నాలుగు పౌండ్ల ఒత్తిడిది. అంగడిలో ఇచ్చే 13 పౌండ్ల మూత గొంతుకు సరిగ్గా పడుతుంది, మొదటి వేడికి పాత టంకాలన్నీ ఊడదీస్తుంది. నీళ్లు మొత్తం పదిన్నర లీటర్ల లోపే, ఇంజన్ ఆయిల్ ఖాళీ ఇంజన్‌కు 4.7 లీటర్లు, తర్వాత మార్చినప్పుడల్లా 3.8.

కొలతలు: చల్లటి ఇంజన్‌లో వాల్వ్ ఖాళీ 0.014 అంగుళం, ప్లగ్ ఖాళీ 0.030, పాయింట్ ఖాళీ 0.020. సీజే ఇంజన్ల పుస్తకం చూసి వాల్వులు పెట్టకండి, ఆ అంకె వేరు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ రబ్బరు భాగాలు ఇథనాల్ తట్టుకునే రకం వేయండి, పాత స్టాకు డయాఫ్రమ్ ఎంత అసలైనదైనా సరే వద్దు. అది చిరిగితే పెట్రోలు కిందికి, నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి పోతుంది. బండి వాడనప్పుడు ట్యాంకులో సగం పెట్రోలు వదిలేస్తే తేమ చేరి అడుగున తుప్పు పడుతుంది.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిళ్లు

యుద్ధకాలపు యాక్సిల్ నిష్పత్తి 4.88, అంటే చిన్న గేరు పినియన్‌కు 8 పళ్లు, పెద్ద గేరు క్రౌన్‌కు 39. సీజేలది 5.38, అంటే 8, 43. ముందు ఒకటి, వెనక ఒకటి పడితే మామూలు రోడ్డు మీద రెండు చక్రాల నడకలో ఏమీ తెలియదు. నాలుగు చక్రాలు కలిపిన క్షణం నుంచి ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాలు కోరతాయి, మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు నలుగుతుంది. యాక్సిల్ విప్పకుండానే తేల్చుకోవచ్చు. గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసు కూడా న్యూట్రల్‌లో పెట్టి, నేల మీది చక్రాలకు అడ్డు రాళ్లు వేసి, ఒక్క చక్రాన్ని మాత్రం జాకీతో లేపండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఐదు చుట్లకు కాస్త తక్కువ తిరిగితే 4.88, ఐదు దాటి మూడో వంతు పైగా తిరిగితే 5.38. ముందు, వెనక రెండూ చూడండి. బండి కొనేటప్పుడే చేసే పరీక్ష ఇది, పది నిమిషాల పని.

ఎంబీ గేర్‌బాక్సు టీ-84, మూడు గేర్లు. బలహీనమైనది, రెండో గేరు వదిలేయడం దాని అలవాటు. పుదుపేటలో దొరికేది ఎక్కువగా సీజేల టీ-90, గట్టిది, కానీ అసలుది కాదు. తిరగడానికే అనుకుంటే టీ-90 తప్పు కాదని మా అభిప్రాయం, టీ-84ను మాత్రం గ్రీజు పూసి దాచండి. స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసులో నడిమి గేరు షాఫ్టు మందం చూడండి: యుద్ధకాలపుది 3/4 అంగుళం, తర్వాతివి 1-1/8, 1-1/4. గేర్లు, షాఫ్టు, కేసు మూడూ ఒకే కాలానివి కావాలి.

ఆయిల్ ఎస్ఏఈ 90, జీఎల్-4 తరగతి. జీఎల్-5లో ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తింటాయి, గేర్‌బాక్సులో అది పోయొద్దు. గేర్‌బాక్సుకు 0.7 లీటరు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 1.4, ఒక్కో యాక్సిల్‌కు 1.2. గేర్‌బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసులోకి నూనె జారడం వీటికి మామూలే, రెండు మట్టాలూ ఒకేసారి చూడండి.

బేరింగుల దగ్గర మాత్రం ఖర్చు తగ్గించుకోవచ్చు. వాటికి "జీపు పార్టు" అని అడగక్కర్లేదు. నాలుగు చక్రాలకూ కలిపి ఎనిమిది బేరింగులు, అన్నీ టిమ్‌కెన్ 18590 కోన్, 18520 కప్పు. ముందు యాక్సిల్ కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులు నాలుగు, 11590, 11520. ఈ నంబర్లు చీటీ మీద రాసుకుని బ్రాడ్‌వే, లింగిచెట్టి వీధి వైపు బేరింగ్ అంగళ్లలో చూపించండి. ఆయిల్ సీళ్లకు షాఫ్టు మందం, బయటి వ్యాసం, వెడల్పు మూడూ వెర్నియర్‌తో కొలిచి అంగుళాల్లో చెప్పండి. మిల్లీమీటర్లలో దగ్గరిది ఇస్తానంటే వద్దనండి. అర మిల్లీమీటరు తేడా ఉన్న సీలు నెలలోపే బ్రేకు డ్రమ్ములోకి నూనె కారుస్తుంది.

సామాను వేట

వేటకు ఆయుధం పార్టు నంబరు. అమెరికా సైన్యం విడిభాగాల జాబితా జీ-503, మరమ్మతు పుస్తకాలు టీఎం 9-803, 9-1803ఏ (ఇంజన్), 9-1803బీ (గేర్లు, యాక్సిళ్లు). ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి కాపీలు తేలిగ్గా దొరుకుతాయి. ఒకే ముక్కకు విల్లీస్ నంబరు, "జీపీడబ్ల్యూ" అక్షరాలతో ఫోర్డ్ నంబరు రెండూ ఉంటాయి, రెండూ రాసుకోండి.

పుదుపేటకు పొద్దున వెళ్లండి. చేతిలో పాత ముక్క, జేబులో వెర్నియర్, అయస్కాంతం. తమిళం రాకపోయినా ముక్క చూపిస్తే పని జరుగుతుంది. అక్కడ వెతకాల్సినవి సీజేలతో ఉమ్మడిగా ఉన్నవి: ట్రాన్స్‌ఫర్ కేసు (విడి ముక్కలు కాదు, మొత్తం సెట్టు), స్ప్రింగ్ షాకిళ్లు, స్టీరింగ్ బెల్‌క్రాంక్ (స్టీరింగ్ కదలికను చక్రాల వైపు మళ్లించే చేయి), ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు. అయస్కాంతం పుట్టీ కోసం. రేకు మీద అంటుకోని చోట రేకు లేదు. బిల్లు లేకుండా ఇంజన్ బ్లాకు, ఛాసిస్ ముక్క కొనకండి, నంబరున్న సామాను దొంగదైతే చిక్కు మీ మెడకు. మామూలు కొత్త సామాను, కేబుళ్లు, హోసులకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు.

సైన్యం, ఇతర ప్రభుత్వ శాఖలు తీసేసిన బళ్లు ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలంలో వస్తుంటాయి. ఇప్పుడు అందులో విల్లీస్‌లు ఉండవనే అనుకోండి.

మిగిలినవి విదేశం నుంచే. డ్యాష్‌బోర్డు పలకలు, గేజీలు, లైట్లు, రబ్బర్లు కొత్తగా చేసినవి తెప్పించుకోవచ్చు. వాడిన విడిభాగాల దిగుమతికి ప్రత్యేక అనుమతి కావాలి, అది లేకుండా తెప్పిస్తే సరుకు కస్టమ్స్‌లో ఆగుతుంది. పాత స్టాకు అయినా వాడనిదైతే ఇన్‌వాయిస్‌లో "కొత్తది, వాడనిది" అని స్పష్టంగా రాయించండి. సుంకం సరుకు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. చిన్న చిన్న పార్శిళ్లు పది తెప్పించడం కంటే జాబితా పూర్తిచేసి ఒకేసారి తెప్పించడం మేలు.

బ్రేకులు, ఆరు వోల్టులు

డ్రమ్ములు 9 అంగుళాలు. చక్రాల సిలిండర్లు ముందు 1 అంగుళం, వెనక 3/4. నాలుగూ ఒకే సైజువి వేస్తే వెనక చక్రాలు ముందే పట్టేసి తడి రోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది. ద్రవం డాట్ 3, సిలికాన్ డాట్ 5తో కలపకూడదు. హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టును పట్టుకుంటుంది. నడుస్తుండగా లాగితే ఆ దెబ్బంతా యాక్సిల్ మీద పడుతుంది.

కరెంటు 6 వోల్టులు, నెగెటివ్ ఎర్త్. "ఆరు వోల్టులతో సెల్ఫ్ లాగదు, పన్నెండు చేసేద్దాం" అన్న సలహా ప్రతి షెడ్డులోనూ వినబడుతుంది. సెల్ఫ్ లాగకపోవడానికి కారణం సాధారణంగా కేబులే. అదే పనికి 6 వోల్టుల్లో రెట్టింపు కరెంటు పారాలి, 12 వోల్టుల సన్న కేబుల్ వేస్తే వోల్టేజి దారిలోనే పోతుంది. 70 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ వేయండి, లగ్గులు క్రింప్ చేసి టంకం పెట్టించండి. ఎర్త్ పట్టీ కింద పెయింటు గోకి ఇనుము మెరిసేలా చేయండి, ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఇంకో పట్టీ. మూడు సెల్లుల పెద్ద బ్యాటరీని పాత బ్యాటరీలు బాగుచేసే దుకాణంలో చేయించుకోవాలి, బైకుల 6 వోల్టుల బ్యాటరీ దీనికి చాలదు.

టైర్లు 6.00-16. ఆ సైజులో ట్రాక్టరు ముందు చక్రాల టైర్లు చవకగా వస్తాయి, నిలువు గీతలుంటాయి. అవి రోడ్డు వేగానికి చేసినవి కావు.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు

మొదటి స్టార్ట్ తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ బిగించండి, వాల్వ్ ఖాళీలు మళ్లీ చూడండి. యాభై కిలోమీటర్లకు మొదటి ఆయిల్ మార్చి, తీసిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి చూడండి. నల్లటి మెత్తని పొడి మామూలే, మెరిసే రేకులు కనబడితే సంప్ దించండి. ఐదు వందల దాకా గంటకు 50 కిలోమీటర్లు దాటనివ్వకండి. 4.88 నిష్పత్తితో ఆ పైన ఇంజన్ అరుపే వేగం చెబుతుంది.

స్టీరింగ్ కొట్టుకుంటుంటే ముందు చక్రాల అలైన్‌మెంట్ మీద పడకండి, బెల్‌క్రాంక్ బుష్, తర్వాత కింగ్‌పిన్ షిమ్ములు చూడండి. ఆ రెండూ గట్టిగా ఉన్నాక టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగే కొలత) 3/64 నుంచి 3/32 అంగుళం మధ్య పెట్టించండి. చక్రాల నట్లు మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి బిగించాలి, ఎడమ వైపు ఏ పక్కకు తిప్పాలో పానా ఇచ్చే ముందే షెడ్డు కుర్రాడికి చెప్పండి.